గిల్డ్ వార్స్ లోకంలో హాలోవీన్ ఎలా పుట్టింది?

మన లోకంలో అక్టోబర్ 31న జరిగే పండగకు టైరియా అనే ఊహాలోకంలో చోటెక్కడిదని అడిగారు. ఆ లోకంలో నడిచే గిల్డ్ వార్స్ అనే కంప్యూటర్ ఆట 2005లో వచ్చింది, అదే దానికో కథ అల్లింది. నాకు ఆ కథంటే చాలా ఇష్టం.

పూర్వం క్రైటా రాజ్యాన్ని ఆస్వాల్డ్ థార్న్ అనే పిచ్చిరాజు ఏలాడు. జోకులంటే ప్రాణం, కానీ అవి వినేవాళ్లకు ప్రాణగండం. విసిగిపోయిన జనం చివరికి తిరగబడి అతన్ని చంపేశారు. అయినా పీడ విరగడ కాలేదు! ఏడాదికోసారి, లోకాల మధ్య తెర పలచబడినప్పుడు, గుమ్మడికాయ తలతో తిరిగొస్తాడు. అతను వచ్చే రోజులే అక్కడ హాలోవీన్.

వచ్చాక చేసేదేమిటంటే ఆటగాళ్లందరినీ నిలబెట్టి ఒక పిల్లల ఆట ఆడిస్తాడు. "పిచ్చిరాజు చెబుతున్నాడు, నాట్యం చెయ్" అంటే చెయ్యాలి. ఆ ముందుమాట లేకుండా ఉత్తినే "నాట్యం చెయ్" అంటే కదలకూడదు. తప్పితే అక్కడికక్కడే చావు. బతికున్నప్పటి దర్బారు ఎలా ఉండేదో ఆటగాడికి ఎవరూ చెప్పనక్కర్లేదు, తానే అనుభవిస్తాడు. కథను ఆట నియమంలోనే దాచిన ఈ పనితనం నాకు అన్నిటికంటే గొప్పగా అనిపిస్తుంది.

2012లో వచ్చిన గిల్డ్ వార్స్ 2లోనూ రాజు వదల్లేదు. ఆ అక్టోబర్‌లో లయన్స్ ఆర్చ్ నగరం నడిబొడ్డున ఉన్న సింహం విగ్రహాన్ని బద్దలుకొట్టుకుని బయటికొచ్చాడు. ఎడ్రిక్ అని అతనికో కొడుకున్నాడు. తండ్రి మీదే తిరుగుబాటు చేస్తే బతికుండగానే సమాధిలో పెట్టేశాడట.