తారు రోడ్డు మీద గుబ్బల టైరు

ప్రశ్న: రోజూ తెల్లవారుజామున పటమటలో బయల్దేరి, ప్రకాశం బ్యారేజీ దాటి, ఉండవల్లి దాకా సైకిలు తొక్కి వస్తాను. నాది గేర్ల సైకిలు. టైరు మీద 27.5 x 2.10 అని ఉంది. ఎంత తొక్కినా మీటరు 19 దాటడం లేదు. మా తోడల్లుడు మాత్రం వాళ్ల నాన్నగారి పాత 28 అంగుళాల సైకిలు మీద, గేర్లు కూడా లేకుండా, నన్ను దాటిపోతున్నారు. సన్న టైర్లు వేస్తే స్పీడు వస్తుందని షాపులో అన్నారు. నా బరువు 76 కిలోలు. మార్చమంటారా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: మార్చండి. అయితే సన్న టైరు కోసం వెతక్కండి, నున్న టైరు కోసం వెతకండి.

గుంటూరులో మా నాన్నకి అద్దె సైకిళ్ల షాపు ఉండేది. గంటకి తీసుకెళ్లిన కుర్రాడు పది నిమిషాలకే వెనక్కొచ్చి "బరువుగా ఉందండీ, వేరేది ఇవ్వండి" అంటే, నాన్న చైను వంక చూసేవాడు కాదు. వంగి వెనక టైరు నొక్కి చూసేవాడు. తొంభై పాళ్లు తప్పు అక్కడే దొరికేది.

టైరు నేలని తాకిన చోట అణుగుతుంది, చక్రం కదలగానే మళ్లీ లేస్తుంది. అలా అణచడానికి మీ కాళ్లు పెట్టిన శక్తి మొత్తం తిరిగి రాదు, కొంత రబ్బరులోనే వేడిగా పోతుంది. మీ టైరుకి గుబ్బలున్నాయి కాబట్టి ప్రతి గుబ్బా విడిగా వంగి లేవాలి. మట్టిలో అయితే అవి నేలలోకి దిగి పట్టునిస్తాయి. తారులోకి దిగలేవు కదా! బందరు రోడ్డు మీద మీ చక్రాలు గుయ్‌మంటూ ఉంటాయి చూడండి, ఆ చప్పుడు కూడా మీ కష్టంలోంచి వచ్చేదే.

నేను స్వయంగా చూశాను. మా ఇంటి దగ్గర కాలవ కట్ట మీంచి దిగే వాలులో, గాలి లేని పూట, పెడలు తొక్కకుండా సైకిలు వదిలి ఆగినచోట సుద్దతో గీత గీశాను. తర్వాత అదే సైకిలుకి నున్న టైర్లు వేసి మళ్లీ వదిలాను. మొదటి గీత దాటి ముప్ఫై అడుగులు పైనే పోయింది. మీరూ చేసి చూడండి, ఎవరి మాటా నమ్మక్కర్లేదు.

ఇక వెడల్పు సంగతి. రెండు టైర్లలో గాలి ఒత్తిడి ఒకటే అయితే వెడల్పుదే కాస్త తేలిగ్గా దొర్లుతుంది. నేల మీద దాని అచ్చు అడ్డంగా, పొట్టిగా పడుతుంది. సన్నదాని అచ్చు నిలువుగా సాగి టైరు ఎక్కువ అణుగుతుంది. సన్నవాటిలో గాలి బాగా ఎక్కిస్తారు కాబట్టి అవే వేగమని పేరు పడింది.

కొనేటప్పుడు అంగుళాల లెక్క వదిలేసి టైరు పక్కన చిన్నగా ఉండే జంట అంకె చూడండి. మీది 54-584 లాంటిది అయ్యుంటుంది. మొదటి అంకె టైరు వెడల్పు, రెండోది రిమ్ముది, రెండూ మిల్లీమీటర్లలో. రిమ్ము అంకె మారకూడదు. మీ తోడల్లుడి గారి రిమ్ము 635, రోడ్డు సైకిళ్లది 622. ఏదీ మీ రిమ్ముకి ఎక్కదు. మీరు 47-584, అంటే 27.5 x 1.75, నున్నటిది అడగండి. పంక్చరు కాకుండా లోపల మందపాటి పట్టీ ఉన్నవి కాస్త బరువుగా దొర్లుతాయి. అయినా కట్ట రోడ్ల మీద తుమ్మముళ్లు ఉంటాయి కాబట్టి నేనైతే పట్టీ ఉన్నదే వేయించుకుంటాను.

గాలి ఒత్తిడిని పీఎస్ఐలలో కొలుస్తారు, మీ బరువుకి వెనక 50, ముందు 45 పీఎస్ఐతో మొదలుపెట్టండి. టైరు మీద రాసిన హద్దు మాత్రం దాటొద్దు. మరీ రాయిలా ఎక్కిస్తే గతుకుల మీద సైకిలు ఎగిరి, ఆ దెబ్బ మీ ఒంట్లోకి వస్తుంది, వేగమూ పోతుంది. వేలితో నొక్కే పద్ధతి లావు టైరుకి పనికిరాదు, తక్కువ గాలికే గట్టిగా తగులుతుంది. మీది కారు టైరుకుండే లాంటి వాల్వు అయితే మీటరున్న పంపు సరిగ్గా చూపిస్తుంది. ట్యూబులోంచి గాలి దానంతటదే తగ్గుతుంది, కాబట్టి వారానికోసారి చూడండి. టైర్లు కొనేలోపు ఈ పని రేపే చేయండి. మీ తోడల్లుడు గారు దాటిపోవడానికి సగం కారణం ఇదేనేమో అని నా అనుమానం.

మీ 19 కాస్తా 21 అవుతుందని నా అంచనా. అంతకు మించి టైర్ల మీద ఆశ పెట్టుకోకండి. వేగం రెట్టింపైతే ఎదురుగాలి నాలుగింతలు ఆపుతుంది. బ్యారేజీ మీద కృష్ణ గాలి తగిలినప్పుడు టైరు చేసేదేం లేదు, కాస్త ముందుకి వంగి తొక్కండి.

ప్రశ్న: గాట్లు లేని నున్న టైరు వానలో జారదా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: జారదమ్మా. కారుకి గాట్లు కావాలి, దాని టైరు వెడల్పు, వేగమూ ఎక్కువ, నీటి మీద తేలిపోతుంది. సైకిలు టైరు సన్నగా, గుండ్రంగా ఉండి మన వేగంలో నీటిని పక్కకి తోసేస్తుంది. భయపడాల్సింది జీబ్రా గీతల తెల్ల రంగుకి, మ్యాన్‌హోల్ మూతలకి, తొలకరి చినుకులకి పైకి తేలే ఇంజన్ ఆయిల్‌కి. వాటి మీద ఏ టైరైనా జారుతుంది. అక్కడ హ్యాండిల్ తిప్పకుండా, బ్రేకు పట్టకుండా తిన్నగా దాటేయండి.