గుండెపోటుకు గ్లూకోజ్, ఇన్సులిన్, పొటాషియం డ్రిప్: నా సమాధానం

గుండెపోటు వచ్చిన మనిషికి గ్లూకోజ్, ఇన్సులిన్, పొటాషియం కలిపి ఎక్కిస్తే ప్రాణాపాయం తగ్గుతుందా అని అడిగారు. ఆసుపత్రిలో చేరాక పెడితే తగ్గదు. అంబులెన్సులో పెడితే మాత్రం ఉపయోగం ఉంటుందని నా గట్టి నమ్మకం.

1962లో మెక్సికో వైద్యుడు సోడి పయారెస్ ముందుకు తెచ్చిన ఈ ఆలోచనలో తర్కం ఉంది. రక్తం చాలని గుండె కండరం కొవ్వు ఆమ్లాలకు బదులు గ్లూకోజ్‌ను వాడుకుంటే, ఉన్న కొద్ది ఆక్సిజన్‌తోనే ఎక్కువ శక్తి పుడుతుంది. ఆ గ్లూకోజ్‌నూ పొటాషియాన్నీ కణాల్లోకి చేర్చే పని ఇన్సులిన్‌ది. అయితే 2005లో వెలువడిన క్రియేట్-ఎక్లా పరిశోధనలో, మన దేశపు రోగులతో సహా 20,201 మందిని పరిశీలిస్తే, 30 రోజుల్లో మరణాలు డ్రిప్ పెట్టినవారిలో 10.0 శాతం, పెట్టనివారిలో 9.7 శాతం ఉన్నాయి.

తెనాలి దగ్గరి పల్లెలో ఉండే మా మేనమామకు ఒక తెల్లవారుజామున గుండెల మీద బండ పెట్టినట్లయి, ఒళ్లంతా చెమటలు పోశాయి. ఊళ్లోని ఆర్‌ఎంపీ గ్యాస్ అని చెప్పి, షుగరున్న మనిషికి, కిటికీ ఊచకు గ్లూకోజ్ సీసా కట్టి ఎక్కించారు. నేను గుంటూరు నుంచి ఫోన్ చేస్తే అత్తయ్య, "సగం అయింది నాయనా, సీసా అయిపోగానే బయలుదేరతాం" అన్నది. సీసా సంగతి వదిలేసి వెంటనే 108కు ఫోన్ చేయమని నేను అరవవలసి వచ్చింది. గుంటూరులో ఈసీజీ తీసిన వైద్యురాలు మొదట అడిగింది నొప్పి ఎన్ని గంటలకు మొదలైందనే. ఆస్పిరిన్ నమిలించి, రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఇస్తూ ఉంటే, బయట మా బంధువులు "ఇంతసేపైనా సీసా పెట్టలేదేమిటి" అని గొణుగుతూనే ఉన్నారు. సీసా వేలాడితేనే వైద్యం జరిగినట్లు భావించే ఈ అలవాటు మన జిల్లాలో చదువుకున్నవారిని కూడా వదలలేదు. పైగా ఆర్‌ఎంపీలు పెట్టే మామూలు 5 శాతం గ్లూకోజ్ వేరు, పరిశోధనలో వాడిన 25 శాతం గ్లూకోజ్ మిశ్రమం వేరు.

ఇక అంబులెన్సు సంగతి. అమెరికాలో దారిలోనే ఈ డ్రిప్ మొదలుపెట్టి చూసిన ఇమ్మీడియేట్ పరిశోధన 2012లో వెలువడింది. గుండెపోటు ముదరకుండా ఆపడంలో అది నెగ్గలేదు గానీ, గుండె ఆగిపోవడం, ఆసుపత్రిలో మరణించడం రెండూ కలిపి చూస్తే 8.7 శాతానికి బదులు 4.4 శాతమే నమోదయింది. రోగులు 900 లోపే కనుక వైద్యులు దీన్ని చాలని రుజువుగా ఒప్పుకోరు. నాకు మాత్రం చాలు, ఎందుకంటే కండరం చచ్చేది తొలి గంటల్లోనే. అయినా మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి ఆ పొటాషియమే గుండె లయను చెడగొట్టగలదు కాబట్టి, మానిటరూ షుగరు పరీక్షా లేని చోట ఎవరైనా ఈ డ్రిప్ పెడతామంటే ఒప్పుకోకండి.