జ్వరంలో ఫిట్స్: స్కాన్ తీయలేదని దిగులొద్దు

ఏడాదిన్నర పాపకి జ్వరంలో రెండు నిమిషాలు ఫిట్స్ వచ్చాయని, ఎమర్జెన్సీలో తల స్కాన్, ఈఈజీ (మెదడులోని విద్యుత్ తరంగాలు చూసే పరీక్ష) ఏవీ చేయకుండా పంపేశారని రాశారు. మీరు చెప్పినదాన్ని బట్టి వాళ్లు చేసింది సరైనదే. 6 నెలల నుంచి 5 ఏళ్ల లోపు పిల్లలకి ఒళ్లంతా కొట్టుకుని, 15 నిమిషాల లోపు ఆగిపోయి, 24 గంటల్లో మళ్లీ రాకుండా, ఆపైన మామూలుగా తేరుకుంటే మామూలుగా అవి అక్కర్లేదు. అసలు వెతకాల్సింది జ్వరానికి కారణం. దాదాపు మూడోవంతు పిల్లలకి మళ్లీ రావొచ్చు. పారాసిటమాల్‌తో పాపకి కాస్త హాయిగా ఉంటుంది గానీ ఫిట్స్ ఆగుతాయన్న నమ్మకం లేదు.

మళ్లీ ఫిట్స్ వస్తే పాపని పక్కకి తిప్పి పడుకోబెట్టి గడియారం చూడండి. నోట్లో చెంచా, చేతిలో తాళాలగుత్తి పెట్టమని ఇంట్లో పెద్దవాళ్లు ఎంత పట్టుబట్టినా వద్దు. ఎవరైనా ఫోన్‌లో వీడియో తీస్తే మంచిది. మన మాటలకన్నా డాక్టర్‌కి అదే ఎక్కువ చెబుతుంది. 5 నిమిషాలు దాటితే 108. ఒక పక్కే కొట్టుకున్నా, మెడ బిగుసుకున్నా, మత్తు వదలకపోయినా, వెంటవెంటనే వచ్చినా స్కాన్ అవసరం పడొచ్చు, వెంటనే తీసుకెళ్లండి. ఇంట్లో మిడజోలం (ఫిట్స్ ఆపే మందు) ముక్కు స్ప్రే ఉంచుకోవాలా అని ఈసారి పిల్లల డాక్టర్‌ని అడగండి.