పాపకు పాటలు వస్తున్నాయా, పియానో వస్తోందా?

ప్రశ్న: మాది పి.గన్నవరం దగ్గర పల్లెటూరండి. మా అమ్మాయి ఎనిమిదో తరగతి. రెండేళ్ళు కర్ణాటక గాత్రం నేర్చుకుంది, ఇప్పుడు పియానో కావాలంటోంది. అమలాపురంలో ఒక సార్ ఇంటి దగ్గర చెబుతారు. ఆయన చర్చిలో కీబోర్డు వాయిస్తారు, నెలకు 1,500 తీసుకుంటారు. చెన్నైలో ఉండే ఒక మేడమ్ ఆన్‌లైన్‌లో చెబుతానన్నారు. ఆవిడ 4,000 అడుగుతున్నారు, గ్రేడ్ పరీక్షలు కూడా రాయిస్తారట. మావారేమో "దీంతో సీటొస్తుందా, ఉద్యోగమొస్తుందా" అంటున్నారు. ఎవరి దగ్గర చేర్పించమంటారు? పియానో కొనాలా?

జవాబు: మీవారి ప్రశ్నకి ముందు చెప్పేస్తానమ్మా, ఆ జవాబు చిన్నది. సీటు రాదు. ఈఏపీసెట్‌లో పియానోకి మార్కుల్లేవు. ఇంగ్లండ్ యూనివర్సిటీలకు దరఖాస్తు పెట్టేవాళ్ళకి ఆ గ్రేడ్ పరీక్షల్లో ఆరు, ఏడు, ఎనిమిది గ్రేడులకు యూకాస్ పాయింట్లు, అంటే అక్కడి అడ్మిషన్లలో లెక్కకొచ్చే పాయింట్లు, కొన్ని వస్తాయి. వాటినీ అన్ని యూనివర్సిటీలూ పట్టించుకోవు. ఉద్యోగాలంటారా, స్కూల్లో మ్యూజిక్ టీచరు, ఇంటి దగ్గర పాఠాలు, ఆర్కెస్ట్రాలు, హైదరాబాద్ స్టూడియోల్లో కీబోర్డు ప్రోగ్రామింగ్. ఆఖరుదాంట్లో పేరూ డబ్బూ ఉండొచ్చు గానీ ఒకటో తారీఖు జీతం ఉండదు. 1919లో పెట్టిన విజయనగరం కళాశాల లాంటి మన ప్రభుత్వ సంగీత కళాశాలలు ప్రధానంగా కర్ణాటక సంగీతానివి. పాశ్చాత్య సంగీతమే చదవాలనుకుంటే ఏ.ఆర్.రెహమాన్ 2008లో చెన్నైలో మొదలుపెట్టిన కేఎం మ్యూజిక్ కన్జర్వేటరీ లాంటివి చూసుకోవాలి. ఎనిమిదో తరగతిలో అదంతా తేల్చుకోనక్కర్లేదు. ఇప్పుడు తేల్చుకోవాల్సింది మాస్టారి సంగతి.

ఇంటి దగ్గర సంగీతం చెప్పేవాళ్ళకి లైసెన్సూ లేదు, తనిఖీ చేసేవాళ్ళూ లేరు. పరీక్ష పెట్టుకోవాల్సింది మీరే. మీకు సంగీతం రాకపోయినా ఏం ఫర్వాలేదు. సార్ దగ్గర ఏడాదిగా నేర్చుకుంటున్న పిల్లో పిల్లాడో క్లాసుకి వచ్చే టైముకి వెళ్ళి కూర్చోండి. వచ్చిన పాట వాయించమనకండి, అది అందరూ బాగానే వాయిస్తారు. పుస్తకంలో ఇంకా చెప్పని పేజీ తీసి, రెండు లైన్లు మెల్లగా వాయించమనండి. ఆ పిల్ల పెదాలు కదుపుతూ ఒకటి రెండు మూడు నాలుగు లెక్కపెట్టుకుని, వేళ్ళు వెతుక్కుని, తప్పులతోనైనా చివరిదాకా వెళ్ళిందా, ఆ సార్ మంచి సార్. "ఇది సార్ ఇంకా చెప్పలేదండి" అని చేతులు ఒళ్ళో పెట్టేసుకుంటే, ఏడాది తర్వాత మీ అమ్మాయి కూడా అదే చెబుతుంది.

ఇంకోటి చూడండి. కీబోర్డు మీద ట్రాన్స్‌పోజ్ అని ఒక బటన్ ఉంటుంది. అది నొక్కితే వేళ్ళు కదిలే చోటు మారకుండానే శ్రుతి మారిపోతుంది. చాలామంది దాని మీద ఆధారపడి ఏ పాటైనా సి మేజర్‌లోనే, అంటే తెల్ల కీల మీదే వాయించేస్తారు. ఆరాధన మధ్యలో పాడేవాళ్ళు శ్రుతి మారిస్తే అది అక్కరకొస్తుంది, కాదనను. నేర్చుకునే పిల్లకి మాత్రం నల్ల కీలు ఎప్పటికీ కొత్తగానే ఉండిపోతాయి. ఇక స్టైల్ బటన్ సంగతి. ఎడమ చేత్తో ఒక కార్డ్, అంటే మూడు నాలుగు కీలు కలిపి, నొక్కి పట్టుకుంటే డ్రమ్సూ బేసూ అన్నీ మిషనే వాయిస్తుంది. పుట్టినరోజు ఫంక్షన్లో చప్పట్లు బాగా పడతాయి, ఎడమ చేతికి మాత్రం ఏమీ రాదు.

ఇదంతా చెప్పానని సార్‌ని తక్కువ చెయ్యకండి. చర్చిలో ఏళ్ళ తరబడి వాయించినవాళ్ళ చెవి చాలా గట్టిది. ఎవరో పల్లవి అందుకోగానే శ్రుతి పట్టుకుని వెనకాల వెళ్ళిపోతారు. అయిదో గ్రేడు సర్టిఫికెట్ గోడకి తగిలించుకున్నవాళ్ళలో కాగితం లేకుండా జనగణమన వాయించలేనివాళ్ళూ ఉన్నారు. అందుకని ఆయన స్టాఫ్ నొటేషన్, అంటే అయిదు గీతల మీద స్వరాలు రాసి ఉండే పుస్తకం పెట్టి చెప్పేవారైతే నా ఓటు ఆయనకే. మొదటి ఏడాది చెయ్యి ఎలా పెట్టాలి, మణికట్టు ఎక్కడ బిగుస్తోంది అన్నవి పక్కన కూర్చున్నవాళ్ళకే కనిపిస్తాయి. ఆన్‌లైన్‌లో శబ్దం కాస్త ఆలస్యంగా చేరుతుంది కాబట్టి ఇద్దరూ కలిసి వాయించడం కుదరదు. మెల్లగా, గట్టిగా అన్న తేడా కూడా ఫోను మింగేస్తుంది. సార్‌కి నొటేషన్ రాకపోతే అప్పుడు మేడమ్ దగ్గరే చేర్పించండి. ఫోను మొహానికి ఎదురుగా కాకుండా, రెండు చేతులూ కీల మీద కనిపించేలా పక్కనుంచో పైనుంచో పెట్టండి.

డబ్బు మాట ముందే తెంచుకోండి. ఆ 1,500కి నెలకి ఎన్ని క్లాసులు, ఎంతసేపు, ఒక్కదానికేనా బ్యాచా అన్నది అడగండి. అయిదుగురు హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చునే గంట కంటే ఒక్కదానికే చెప్పే అరగంట నయం. వరదొచ్చి కాజ్‌వే మునిగిన వారం క్లాసు పోతే మళ్ళీ చెబుతారా? పరీక్షల నెలలో మానేస్తే ఫీజు కట్టాలా? లంక ఊళ్ళ వాళ్ళకి ఇది ఏటా వచ్చే గొడవే. క్లాసు హాల్లో, తలుపు తీసి ఉండేలా, మీరో అమ్మమ్మగారో కూర్చునేలా మాట్లాడుకోండి. దీనికి మొహమాటపడకండి, బుద్ధున్న మాస్టారెవరూ ఏమీ అనుకోరు.

గ్రేడ్ పరీక్షల విషయానికొస్తే, మనదగ్గర ఎక్కువగా వినిపించేవి లండన్ పరీక్షా సంస్థలవే రెండు, ట్రినిటీ, ఏబీఆర్ఎస్ఎం. రెంటిలోనూ ఇనీషియల్ నుంచి ఎనిమిది దాకా ఉంటాయి. వరసగా అన్నీ రాయాలని రూలు లేదు, వీడియో తీసి పంపే పద్ధతి కూడా ఉంది. ఏబీఆర్ఎస్ఎంలో ఎదురుగా కూర్చుని ఇచ్చే పరీక్ష 150 మార్కులకి, 100 వస్తే పాసు. అందులో మూడు పాటలకి 90 పోను మిగతావి స్కేల్సుకీ (స్వరాలు వరసగా వాయించడం), కొత్త పేజీ అప్పటికప్పుడు చూసి వాయించడానికీ, విని గుర్తుపట్టే చెవికీ. ఆరో గ్రేడుకి వెళ్ళాలంటే అయిదో గ్రేడు థియరీ (వాయించడం కాకుండా సంగీత సిద్ధాంతం మీద పెట్టే పరీక్ష) లాంటిది ఒకటి ముందు పాసవ్వాలి. ట్రినిటీలో ఆ షరతు లేదు. అక్కడ పియానోకి ఒక సిలబస్, ఎలక్ట్రానిక్ కీబోర్డుకి వేరే సిలబస్. ఏది రాయిస్తారో మేడమ్‌ని గట్టిగా అడగండి. నాకు నచ్చనిదల్లా ఏడాదంతా ఆ మూడు పాటలే అరగదీసి సర్టిఫికెట్ తెప్పించే పద్ధతి.

చెక్క పియానో మాత్రం కొనకండి. లోపల రెండొందలకి పైగా ఉక్కు తీగెలు, చెక్క బోర్డు, ఉన్ని సుత్తులు. మన గాలిలో తేమకి చెక్క ఉబ్బుతుంది, కీలు పట్టేస్తాయి, తీగెలు తుప్పు పడతాయి. ఏడాదికి ఒకటి రెండుసార్లు ట్యూనింగ్ చేయించాలి, ఆ పని తెలిసినవాళ్ళు మన ఊళ్ళలో దొరకరు. డిజిటల్ పియానో చాలు. 88 కీలు ఉండాలి, కీ నొక్కితే బరువు తెలియాలి, కాలి పెడల్ ఉండాలి. ఇవి 40,000 అటూ ఇటూగా మొదలవుతాయి. పిల్ల నిలబడుతుందో లేదో అని అనుమానంగా ఉంటే ఆరు నెలలు టచ్ ఉన్న, అంటే గట్టిగా నొక్కితే గట్టిగా పలికే, 61 కీల కీబోర్డుతో లాగించండి. ఏది కొన్నా మంచం మీద కూర్చోబెట్టి వాయించనివ్వకండి. మోచెయ్యి కీల ఎత్తుకి రావాలి, పాదాలు నేలకి ఆనాలి.

గాత్రం మాన్పించకండి. మీ అమ్మాయి సగం దారి వచ్చేసే ఉంది. సి నుంచి పై సి దాకా తెల్ల కీలు వరసగా నొక్కితే వచ్చేది శంకరాభరణం రాగం స్వరాలే. సరళీ స్వరాలు నేర్చుకున్న మాయామాళవగౌళ కావాలంటే రి, ద లకి నల్ల కీలు తీసుకుంటే సరి. గమకం, అంటే స్వరాన్ని ఊపి పలకడం, మాత్రం పియానో మీద కుదరదు, అది గొంతులోనే ఉంచుకోవాలి.

సాధన రోజుకి ఇరవై నిమిషాలు చాలు, ఆదివారం రెండు గంటలు కూర్చుంటే లాభం లేదు. మీ చేతిలో ఉన్న టైము పదో తరగతి పరీక్షల దాకానే. ఇంటర్‌కి విజయవాడ హాస్టల్లో వేసే ఉద్దేశం ఉంటే ఆ మాట సార్‌కి ఇప్పుడే చెప్పండి. ఈ రెండేళ్ళలో పుస్తకం చూసి తనంతట తాను వాయించుకునే స్థితికి తెమ్మనండి, గ్రేడు ఎంతవరకు వెళ్తే అంతవరకే. హాస్టల్లో పియానో పెట్టనివ్వరు గానీ, సెలవులకి వచ్చినప్పుడు సార్ లేకుండానే కొత్త పేజీ తీసుకుని కూర్చోగలుగుతుంది.