మూడోసారి ఫ్యూయల్ పంపు పోయింది, కొత్త బండి అడగొచ్చా?

ప్రశ్న: మాది ఉరవకొండ. విత్తనాల కంపెనీలో ఫీల్డ్ ఉద్యోగం. దాదాపు రోజూ బైక్ మీద అనంతపురం వచ్చి పోతుంటాను. బండి కొని 19 నెలలైంది. ఇప్పటికి మూడుసార్లు ఫ్యూయల్ పంపు పోయింది. రెండుసార్లు వారంటీలో ఊరికే మార్చారు. ఈసారి ‘కల్తీ పెట్రోల్ వల్ల పోయింది, వారంటీ వర్తించదు’ అంటూ 7,400 రూపాయలు కట్టమంటున్నారు. మా ఊళ్లో ఇదే మోడల్ కొన్న ఇంకో నలుగురిదీ ఇదే గోల. కొత్త బండి ఇప్పించమని కేసు వేయొచ్చా?

జవాబు: వేయొచ్చు. కానీ కొత్త బండి మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. పాడైన భాగాన్ని మార్చిస్తామనే వరకే వారంటీ ఉన్నప్పుడు మొత్తం వాహనాన్నే మార్చమనడం కుదరదని 2006లో మారుతి ఉద్యోగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అవతలి లాయరు మొదట తీసేది ఆ తీర్పునే. అందుకని ఫిర్యాదులో కొత్త బండి గానీ డబ్బు వాపసు గానీ అడుగుతూనే, అది కాకపోతే పంపు ఉచితంగా మార్చి దానికి మళ్లీ వారంటీ ఇవ్వాలని, తిరుగుడు ఖర్చులు, నష్టపరిహారం ఇప్పించాలని కూడా రాయండి. ఒక్క కోరికే రాసి అది కాస్తా కొట్టేస్తే చేతికేమీ మిగలదు.

మీ కేసంతా జాబ్ కార్డుల్లోనే (బండి బాగుకు ఇచ్చినప్పుడు షోరూంవాళ్లు రాసిచ్చే కాగితాలు) ఉంది. ఇది నేను దెబ్బతిని నేర్చుకున్న సంగతి. ఒక మధ్యాహ్నం కూడేరు దాటాక నా బండి ఉన్నట్టుండి ఆగిపోయింది. తోసుకుంటూ వెళ్తే రోడ్డు పక్క మెకానిక్ ట్యాంకుకు చెవి ఆనించి తాళం తిప్పమన్నాడు. మామూలుగా రెండు క్షణాలు ‘గుయ్’మని వినబడాలి. ఏమీ లేదు. ‘పంపు పోయింది సార్, ఇది నాతో అయ్యేది కాదు’ అన్నాడు. కార్బ్యురేటర్ బండైతే చెట్టు కింద కూర్చుని జెట్టు ఊది పంపించేవాడే. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 అనే పొగ కాలుష్య నిబంధనలు వచ్చాక దాదాపు అన్నిటికీ ఫ్యూయల్ ఇంజెక్షనే, పంపు ట్యాంకు లోపలే. సరే, షోరూంలో మార్చారు. ఇంటికొచ్చి జాబ్ కార్డు చూస్తే ‘స్టార్టింగ్ ప్రాబ్లం, జనరల్ చెకప్’ అని ఉంది. పంపు మాటే లేదు! లాయర్నై ఉండి చదవకుండా సంతకం పెట్టి వచ్చాను.

మీ మొదటి రెండు జాబ్ కార్డులు ఇప్పుడే తీసి చూడండి. పంపు మార్చినట్టు, తేదీ, కిలోమీటర్లు ఉంటే మీ పని సగం అయినట్టే. లేకపోతే ఆ రెండు తేదీల సర్వీస్ హిస్టరీ కావాలని షోరూంకు, కంపెనీకి మెయిల్ పెట్టండి. ఇవ్వకపోయినా అడిగినట్టు మీ దగ్గర కాగితం ఉంటుంది.

ఇక కల్తీ సంగతి. ఆ మాట అన్నవాళ్లే దాన్ని రుజువు చేయాలి. ట్యాంకులోంచి శాంపిల్ తీశారా? ల్యాబుకు పంపారా? రిపోర్టు ఏదీ? నోటిమాటగా కాకుండా రాసిమ్మని అడగండి. మీరు పెట్రోల్ పోయించిన బిల్లులు, ఫోన్ పేమెంట్లు తీసి పెట్టుకోండి. పెట్రోల్‌లో కలిపే ఇథనాల్ మీదకు తోస్తే బండితో ఇచ్చిన మాన్యువల్ తెరవండి. ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోల్‌కు సరిపోతుందని అందులో ఉంటే ఆ సాకు నిలవదు. ఒక ప్రశ్నకు మాత్రం సిద్ధంగా ఉండండి: ఎప్పుడూ రిజర్వ్‌లోనే నడుపుతారా? ట్యాంకులోని పెట్రోలే పంపును చల్లబరుస్తుంది. ఎప్పుడూ అడుగంటా నడిపితే అది వేడెక్కి దెబ్బతినొచ్చు. దాచిపెట్టేది ఉంటే మీ లాయరుకు ముందే చెప్పండి.

ఆ నలుగురి గురించి. వాట్సాప్‌లో పెట్టుకునే తిట్లు వినియోగదారుల కమిషన్ ముందు పెద్దగా పనికిరావు. వాళ్ల జాబ్ కార్డుల కాపీలు, ఒక్కొక్కరి అఫిడవిట్ పనికొస్తాయి. ఒకే పంపు అయిదు బండ్లలో పోయిందంటే కల్తీ వాదన దానంతటదే పలచబడుతుంది. నడిరోడ్డు మీద, వెనక లారీ వస్తుండగా బండి ఆగిపోవడం ప్రాణం మీదకు తెచ్చేదే. అలాంటి లోపానికి కేంద్రం రీకాల్ (కంపెనీ ఆ బండ్లన్నిటినీ వెనక్కి పిలవడం) ఆదేశించే వీలు 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో 110ఏ సెక్షన్‌గా వచ్చింది. రవాణా శాఖకు అయిదుగురూ విడివిడిగా రాయండి.

ఫిర్యాదు అనంతపురంలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయొచ్చు. కంపెనీ ఆఫీసు ఎక్కడున్నా 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉండే చోటే చాలు. బండికి పెట్టింది 5 లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు. లాయర్ లేకుండా మీరే వాదించుకోవచ్చు (ఈ మాట రాసినందుకు బార్‌లో మావాళ్లు నన్నేమంటారో!). డీలర్ని, కంపెనీని ఇద్దరినీ చేర్చండి. ఒకరినే చేర్చితే తప్పు రెండోవాళ్లదంటారు. గడువు రెండేళ్లు. ఏ తేదీ నుంచి లెక్కపెట్టాలనే తగాదాకు చోటివ్వకుండా కొన్న తేదీ నుంచే అనుకుని ఈ అయిదు నెలల్లో వేసేయండి. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి చూడండి. కొన్ని అక్కడే తేలిపోతాయి.

ఉద్యోగానికి బండి కావాలి కాబట్టి 7,400 కట్టక తప్పదంటారా? కట్టండి. బిల్లు మీద ‘అభ్యంతరంతో కడుతున్నాను’ అని రాసి, తేదీ వేసి, ఫోటో తీసుకోండి. పాత పంపు మాత్రం అక్కడ వదలొద్దు. డబ్బు కట్టాక అది మీ వస్తువు. కడగకుండా, విప్పకుండా, కవర్లో కట్టి అలాగే దాచండి. లోపం తేల్చడానికి పరీక్ష కావాలంటే కమిషన్ ల్యాబుకు పంపేది దాన్నే.