ముందు స్లైడ్ చదవడం నేర్చుకో

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. మలేరియా మీద పీహెచ్‌డీలో చేరానని రాశావు, చాలా సంతోషం. ఏ టెక్నిక్ ముందు నేర్చుకోమంటారని అడిగావు కదా. రక్తం స్లైడ్ చదవడం నేర్చుకో. మీ ల్యాబ్‌లో ఎన్ని యంత్రాలున్నా సరే, మొదటి ఆరు నెలలు రోజూ ఒక గంట మైక్రోస్కోప్ ముందు కూర్చో.

కొత్తలో నాకూ ఇది చిన్న పనే అనిపించింది. ఎర్రకణం మీద పడిన ప్లేట్‌లెట్లనూ, రంగు నలుసులనూ మలేరియా పరాన్నజీవి రింగులనుకుని (లేత దశలో అది ఉంగరంలా కనబడుతుంది) రెండు నెలలపాటు లెక్కలు రాసుకున్నాను. ఒక పాత టెక్నీషియన్ వచ్చి నాలుగు ఫీల్డులు (మైక్రోస్కోప్‌లో ఒకసారికి కనబడే భాగాలు) చూసి, "ఇందులో సగం పరాన్నజీవులు కావమ్మా" అన్నారు. ఆ లెక్కలన్నీ కొట్టేసిన రోజు ఇంటికెళ్లి ఏడ్చాను. ఫోకస్ కొంచెం కదిపి చూడటం నేర్పింది ఆయనే. నలుసైతే మెరుస్తుంది, ప్లేట్‌లెట్ అయితే కణానికి పైన తేలినట్టు కనబడుతుంది. అసలు రింగులో నీలం అంచు, ఎర్రటి చుక్క రెండూ ఉండాలి. జీమ్సా రంగు కలిపే నీటి పీహెచ్ 7.2 దగ్గర ఉందో లేదో నువ్వే చూసుకో. స్లైడ్ మీద రక్తాన్ని పల్చగా పరిచిన పూతను మిథనాల్‌లో ముంచాలి, మందపాటి పూతను ముంచకూడదు. మందపాటి పూతలో కనీసం 100 ఫీల్డులు చూడకుండా "ఏమీ లేదు" అని రాయకు. ఆ మాట మీదే ఎవరికో మందు ఆగిపోతుంది.

ఇక ఏ ప్రశ్న ఎంచుకోవాలన్నది. ఇక్కడ చాలామంది జారిపోతారు. మలేరియా పరాన్నజీవుల్లో ముఖ్యమైన రకాలు ఫాల్సిపారమ్, వైవాక్స్. 1976 నుంచి ఫాల్సిపారమ్‌ను ల్యాబ్‌లో నిరంతరంగా పెంచగలుగుతున్నాం. వైవాక్స్‌ను మాత్రం ఇప్పటికీ అలా పెంచలేకపోతున్నాం. అందుకే పరిశోధన ఎక్కువగా మొదటిదాని చుట్టూనే తిరుగుతోంది. వైవాక్స్ కాలేయంలో నిద్రపోయి, నెలల తర్వాత మళ్లీ జ్వరం తెప్పిస్తుంది. దాన్ని అక్కడే చంపే ప్రైమాక్విన్ మందు, జీ6పీడీ (ఎర్రకణాలను కాపాడే ఎంజైమ్) లోపం ఉన్నవాళ్లలో ఎర్రకణాలను పగలగొడుతుంది. మందు ఉండి కూడా ఇవ్వడానికి భయపడే పరిస్థితి అది. ల్యాబ్‌లో సులువుగా దొరికేదాన్ని బట్టి కాకుండా, రోగిని బాధపెట్టేదాన్ని బట్టి ప్రశ్న ఎంచుకో. అందుకోసం వారానికి ఒక పూటైనా జ్వరం ఓపీలో కూర్చో. డాక్టర్ ఏ దగ్గర తటపటాయిస్తున్నారో గమనించు.

కల్చర్ పెట్టావంటే, అంటే పరాన్నజీవిని ల్యాబ్‌లో పెంచడం మొదలుపెట్టావంటే, నీ దినచర్య దాని చేతిలోకి వెళ్తుంది. ఫాల్సిపారమ్ ఎర్రకణంలో ఒక చుట్టు తిరగడానికి సుమారు 48 గంటలు పడుతుంది, దానికి ఆదివారం లేదు. ఒక్కదానివే మోయకు. ఇంకొకరితో వంతులు వేసుకుని నిద్రపో. మంచి స్టాక్‌ను మొదట్లోనే ద్రవ నత్రజనిలో దాచు. ఎక్కువకాలం పెంచిన లైన్లు గామిటోసైట్లు (దోమకు సోకే రూపాలు) తయారుచేయడం మానేస్తుంటాయి. ఆ సంగతి ఆలస్యంగా తెలిస్తే ఏడాది పని పోతుంది.

టెన్షన్ వచ్చినప్పుడు మలేరియా మందు ఆర్టిమిసినిన్‌ను కనిపెట్టిన చైనా శాస్త్రవేత్త తూ యూయూ గారిని తలచుకో. వాళ్ల బృందం ఒక మందు మొక్క నుంచి తీసిన సారాలు ఒకసారి పనిచేసి, ఇంకోసారి పనిచేయలేదు. ఆవిడ పాత వైద్య గ్రంథంలో ఆ మొక్కను నీళ్లలో నానబెట్టి పిండమని ఉన్న మాట పట్టుకున్నారు. వేడి చేయడం వల్లే గుణం పోతోందేమోనని అనుమానించి, తక్కువ ఉష్ణోగ్రతలో ఈథర్‌తో తీశారు. ఆర్టిమిసినిన్ దారి 1971లో అలా తెరుచుకుంది. పాత పేపర్లు చదవమని నేను సతాయించేది అందుకే. ఆర్‌టీఎస్,ఎస్ అనే మలేరియా టీకా 1987లో రూపుదిద్దుకుంటే, ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని పిల్లలకు సిఫారసు చేసింది 2021లో. ఆ మధ్య గడిచిన 34 ఏళ్లలో కొందరి ఉద్యోగ జీవితం మొత్తం పట్టేస్తుంది.

ఇంకొక మాట, ఇది నాకు చాలా ముఖ్యం. రక్తం ఇచ్చిన ఊరికి తిరిగి వెళ్లి, ఏం తేలిందో వాళ్ల భాషలో చెప్పు. ఎండలో తిరిగి శాంపిల్స్ తెచ్చిన ఫీల్డ్ వర్కర్ పని పేపర్‌కు ఆధారమైతే, వాళ్ల పేరు రచయితల్లో ఉండేలా గట్టిగా అడుగు. మొదట్లో కొందరు ముఖం చిట్లిస్తారు, ఫరవాలేదు.

వచ్చే నెల నువ్వు రంగు వేసిన మొదటి పది స్లైడ్ల ఫోటోలు నాకు పంపు. బాగా రానివి కూడా తీసేయకుండా పంపు, పక్కనే నీ లెక్క రాయి. నేనూ లెక్కపెట్టి రాస్తాను. తేడా ఎక్కడొచ్చిందో కూర్చుని చూసుకుందాం.

ప్రేమతో,
మీ పెద్దమ్మ