నలభై మూడేళ్ల వయసులో ఏ కోర్సులో చేరాలి?

ప్రశ్న: మాది శ్రీకాకుళం, అరసవల్లి వైపు కొత్తగా వెలసిన కాలనీ. నా వయసు 43. బైపీసీ చదివి 2003లో బీఎస్సీ పూర్తి చేశాను. పెళ్లయ్యాక ఉద్యోగం చేయలేదు. అమ్మాయి విశాఖపట్నంలో ఇంజినీరింగ్, బాబు విజయవాడ హాస్టల్లో ఇంటర్. మావారు ఉదయం వెళితే రాత్రికే వస్తారు. ఇంట్లో ఏ లోటూ లేదు. కానీ మధ్యాహ్నం అయ్యేసరికి ఊపిరాడనట్లు ఉంటుంది. ఒకరోజు బీఈడీ చేసి డీఎస్సీ రాద్దామనిపిస్తుంది, ఒకరోజు లా, ఒకరోజు బొటిక్. ఆన్‌లైన్‌లో కౌన్సెలింగ్ డిప్లొమాకు ఇరవై ఐదు వేలు కట్టమంటున్నారు. నా పుట్టిల్లు కవిటి దగ్గర. నాన్నగారికి డయాలసిస్ జరిగినన్నాళ్లూ ఆసుపత్రుల చుట్టూ నేనే తిరిగాను. ఆయన పోయాక కూడా ఊరివాళ్లు రిపోర్టులు పట్టుకుని నాకే ఫోను చేస్తారు. ‘ఇప్పుడు నీకేం అవసరం?’ అంటారు మావారు. ఏ కోర్సులో చేరమంటారు?
- ఒక గృహిణి, శ్రీకాకుళం

జవాబు: అమ్మా, ముందుగా ఒక మాట. ఆ ఇరవై ఐదు వేలు కట్టకండి.

స్థలం చాలక మీ ఉత్తరాన్ని కుదించి వేశాం కానీ నేను పూర్తిగా, రెండుసార్లు చదివాను. బీఈడీకి ఒక వాక్యం, లాకు ఒక వాక్యం, బొటిక్‌కు సగం వాక్యం ఇచ్చారు. నాన్నగారి డయాలసిస్ దగ్గరికి వచ్చేసరికి రెండు పేజీలు రాశారు. డయాలసిస్ సూదుల కోసం రక్తనాళాలు కలిపి ఫిస్టులా వేసిన చేతికి ఎవరూ బీపీ పట్టీ కట్టకుండా, సూది గుచ్చకుండా కాపలా కాయడం, రోజుకు ఎన్ని నీళ్లు తాగవచ్చో గ్లాసుతో కొలిచి ఇవ్వడం, కొబ్బరితోటల మధ్య పుట్టి పెరిగిన మనిషికి కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువని నచ్చజెప్పి మాన్పించడం, ఇవన్నీ నిన్న జరిగినట్లు రాశారు. డయాలసిస్ రోగుల పింఛను కాగితాల కోసం ఏ బల్ల దగ్గర ఎవరిని అడగాలో కూడా రాశారు. పనిలో పండినవాళ్లు రాసే తీరు అది. ‘ఏమీ చేయకుండా ఇరవై ఏళ్లు గడిపేశాను’ అని చివర రాసిన వాక్యాన్ని మాత్రం నేను ఒప్పుకోను.

ముందు మీరు అడిగిన దారుల సంగతి చూద్దాం. బీఈడీ రెండేళ్లు. ప్రవేశపరీక్ష, సీట్ల కౌన్సెలింగ్ కలుపుకుంటే అది చేతికి వచ్చేసరికి మీకు 45 దాటుతుంది. 16,347 పోస్టులతో వచ్చిన 2025 మెగా డీఎస్సీలో జనరల్ అభ్యర్థుల గరిష్ఠ వయసు 44. అదీ అంతకుముందున్న 42ను పెంచితే వచ్చిన సంఖ్య. రిజర్వేషన్ వర్గాలకు మరో ఐదేళ్ల సడలింపు ఉంది. మీరు ఏ వర్గమో రాయలేదు. సడలింపు లేకపోతే ఆ తలుపు మీకు మూసుకుపోయినట్లే. ఉన్నా, ఆ వయసు దాటేలోగా మళ్లీ నోటిఫికేషన్ రావాలి, అందులో మీ సబ్జెక్టు పోస్టులు ఉండాలి. ప్రైవేటు బడిలో చెప్పాలన్న కోరిక బలంగా ఉంటే బీఈడీ చేయవచ్చు. అలాంటి కోరిక మీ ఉత్తరంలో నాకు ఎక్కడా కనిపించలేదు.

లా ప్రవేశపరీక్ష లాసెట్‌కు వయసు అడ్డు కాదు. డిగ్రీ ఉంది కాబట్టి మూడేళ్ల ఎల్‌ఎల్‌బీలో చేరవచ్చు. దూరవిద్యలో చదివిన లా డిగ్రీతో మాత్రం న్యాయవాదిగా నమోదు కాలేరు, కాబట్టి తరగతులకు వెళ్లక తప్పదు. ఆ తర్వాత సీనియర్ దగ్గర కూర్చునే ఏళ్లలో రాబడి నామమాత్రం. బొటిక్ గురించి మీరే సగం వాక్యంతో ఆపేశారు, నేనూ ఆపుతాను.

ఆన్‌లైన్ డిప్లొమా గురించి మాత్రం కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీలాంటి తల్లుల ఫోన్లకే ఆ ప్రకటనలు ఎక్కువగా వస్తున్నాయి. అనుబంధ ఆరోగ్య వృత్తుల కోసం కేంద్రం 2021లో ఒక చట్టం చేసి జాతీయ కమిషన్‌ను ఏర్పాటు చేసింది. కౌన్సెలర్లు, మెడికల్ సోషల్ వర్కర్లు కూడా దాని పరిధిలోకి వస్తారు. సైకాలజీ, పోషకాహారం వంటి ఆరోగ్య సంబంధ కోర్సులను దూరవిద్యలోనూ ఆన్‌లైన్‌లోనూ నడపవద్దని 2025లో యూజీసీ విశ్వవిద్యాలయాలనే ఆదేశించింది. గుర్తింపు ఉన్న విశ్వవిద్యాలయాలకే ఈ కట్టడి ఉన్నప్పుడు, మూడు నెలల వీడియోలు చూపించి ఇచ్చే ధ్రువపత్రాన్ని ఏ ఆసుపత్రి లెక్కలోకి తీసుకుంటుంది?

ఇక నేను చూపాలనుకుంటున్న దారి. మీరు ఊరివాళ్ల కోసం ఫోనులో ఉచితంగా చేస్తున్న పనికి ఆసుపత్రుల్లో జీతం ఇస్తారు. మెడికల్ సోషల్ వర్కర్, పేషెంట్ కోఆర్డినేటర్, బీమా, వైద్య పథకాల డెస్కు ఇవన్నీ ఆ కోవలోవే. అవయవ మార్పిడి చేసే ప్రతి ఆసుపత్రిలోనూ ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్ తప్పనిసరిగా ఉండాలి. 2014 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం వైద్యులు, నర్సులే కాదు, ఏ సబ్జెక్టులోనైనా డిగ్రీ ఉన్నవారు కూడా ఆ పనికి అర్హులే. సోషల్ వర్క్ వంటి వాటిలో పీజీ ఉంటే ప్రాధాన్యం. అంటే 2003లో అటకెక్కించిన మీ బీఎస్సీ పట్టా ఇవాళ్టికీ పనికొస్తుంది.

మన జిల్లాలో ఈ పని అవసరం ఎంతో మీకు నేను చెప్పనక్కరలేదు. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు మండలాల్లో మూత్రపిండాల జబ్బు లేని వీధి వెతికితేగాని దొరకదు. దానికి కారణం ఏమిటో ఇప్పటికీ కచ్చితంగా తేలలేదు. పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. డయాలసిస్ రోగులకు ప్రభుత్వం నెలకు 10,000 రూపాయల పింఛను ఇస్తోంది. యంత్రాలు, మందులు, డబ్బు ఎంతో కొంత వచ్చాయి. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు యంత్రం పక్కన పడుకునే మనిషికి, బయట బెంచీ మీద బిక్కుబిక్కుమంటూ కూర్చున్న అతని భార్యకు తాపీగా చెప్పేవాళ్లే తక్కువ.

అందుకని కోర్సు కంటే ముందు పని. శ్రీకాకుళంలోనే డయాలసిస్ విభాగం ఉన్న ఆసుపత్రికి వెళ్లి, వారానికి రెండు రోజులు స్వచ్ఛందంగా సహాయం చేస్తానని రాతపూర్వకంగా అడగండి. ఒకచోట కాదంటే మరోచోట అడగండి. ఒక ఆర్నెల్లు చేసి చూడండి. మీ నాన్నగారి కోసం ఓర్చుకున్నదంతా ముక్కూమొహం తెలియని వాళ్ల కోసం ఓర్చుకోగలరా? వాళ్లలో ఒకరు పోయిన రోజున ఇంటికి వచ్చి నిద్రపోగలరా? ఇది నేను తేలిగ్గా అడగడం లేదు. ఆ గాయం ఇంకా పచ్చిగా ఉంటే ఈ దారి మిమ్మల్ని బాధపెడుతుంది. అప్పుడు మానేయండి, అందులో తప్పేమీ లేదు.

ఒక గీత మాత్రం మొదటి రోజునుంచే గీసుకోండి. రిపోర్టులో మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ ఎంత ఉందో చదివి చెప్పడం, డాక్టరు చెప్పినదాన్ని మన మాటల్లో విప్పి చెప్పడం మీ పని. మందు ఆపమనడం, మార్చమనడం మీ పని కాదు. ఊరివాళ్ల ఫోన్లకూ ఇదే వర్తిస్తుంది.

ఆర్నెల్ల తర్వాతా మనసు అటే లాగితే సోషల్ వర్క్‌లో పీజీ, అంటే ఎంఎస్‌డబ్ల్యూ చేయండి. ఇగ్నో దూరవిద్యలో నడుపుతోంది, వయోపరిమితి లేదు, క్షేత్రస్థాయి పని తప్పనిసరి. కాకపోతే ఇందాక చెప్పిన కొత్త చట్టం వల్ల నిబంధనలు మారుతున్నాయి కాబట్టి, చేరే సెషన్‌కు అనుమతి ఉందో లేదో యూజీసీ దూరవిద్య పోర్టల్‌లో చూసుకోండి. నన్నడిగితే కాలేజీకి వెళ్లి చదవమంటాను. పగలంతా ఖాళీ అని మీరే రాశారు. ఎచ్చెర్ల విశ్వవిద్యాలయం మీకు బస్సు దూరంలోనే ఉంది. పీజీ ప్రవేశపరీక్ష ఏపీ పీజీసెట్ రాయాలి. ఇరవై ఏళ్ల పిల్లల పక్కన కూర్చోవడం మొదటి నెల ఇబ్బందిగానే ఉంటుంది. రెండో నెలకు వాళ్లే మీ నోట్సు అడుగుతారు.

జీతం సంగతి దాచను. మొదట తక్కువే ఉంటుంది, మీ అమ్మాయికి క్యాంపస్‌లో వచ్చే మొదటి జీతం కంటే తక్కువ ఉన్నా ఆశ్చర్యపోకండి. కంప్యూటర్‌లో తెలుగు, ఇంగ్లిషు టైపింగ్, ఎక్సెల్ ఈలోగా నేర్చుకోండి. మీ బాబు సెలవులకు వచ్చినప్పుడు నేర్పగలడు, దానికి కూడా ఫీజు కట్టనక్కరలేదు.

మీవారి ప్రశ్నకు వాదనతో జవాబు చెప్పకండి. ఆయన అడిగేది డబ్బు అవసరం గురించి, మీరు అనుభవిస్తున్నది వేరే అవసరం. ఏ రెండు రోజులు ఆసుపత్రికి వెళతారో, ఎన్నింటికి తిరిగి వస్తారో, ఆ రోజు మధ్యాహ్నం వంట సంగతేమిటో ఒక కాగితం మీద రాసి ఆయన ముందు పెట్టండి. అనుమతి అడుగుతున్నట్లు కాక, ఇంటి పని పంచుకుంటున్నట్లు మాట్లాడండి. వీలైతే ఒకసారి ఆయన్ని కూడా వెంట తీసుకువెళ్లి, ఆ బెంచీ మీద ఒక గంట కూర్చోబెట్టండి.

మీ సామాజిక వర్గం, డిగ్రీ మార్కుల శాతం రాసి పంపితే పీజీసెట్ విషయం వచ్చే వారం విడిగా చెబుతాను.